జీకే ముక్కలు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ముక్కలన్నీ చదివాను. ఆక్టోపస్‌కి మూడు గుండెలు, చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది, కోహినూర్ గోల్కొండ గనుల్లో దొరికింది, మన దేశంలో తెలుగు మూడో పెద్ద భాష... గ్రూప్స్‌కి చదివేవాళ్ల బిట్ బ్యాంక్ తిరగేసినట్టుంది. పరీక్షకైతే అది చాలు. కానీ నువ్వు రాసింది చదివినవాడు రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లకి చెప్పుకోవాలని కదా నీ ఆశ, అందుకే నొచ్చుకున్నా సరే అని నేరుగా చెప్తున్నాను: ప్రతిచోటా జవాబు దొరకగానే ఆగిపోతున్నావు. అదలా ఎందుకైంది, ఆ సంగతి ఎవరికి ఎలా తెలిసింది అని ఇంకో రెండడుగులు వెయ్యడం లేదు.

ముందు తప్పుల సంగతి చూద్దాం. చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవే 2003లో భూమి చుట్టూ తిరిగొచ్చి, గోడ తనకి కనిపించలేదని చెప్పాడు. ఆయన తిరిగిందేమో భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే, చంద్రుడు దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరం. గోడ పొడవు ఎంతయినా వెడల్పు కొన్ని మీటర్లే, పైగా చాలాచోట్ల చుట్టూ ఉన్న మట్టి రంగులోనే ఉంటుంది, ఇక కంటికి ఎలా ఆనుతుంది? తెలుగు విషయానికొస్తే, 2001 జనాభా లెక్కల్లో మూడో స్థానం నిజమే, 2011కి మరాఠీ 8.30 కోట్లతో మనల్ని దాటింది, మనం 8.11 కోట్లతో నాలుగో స్థానానికి వచ్చాం. ఇలాంటి అంకె రాసేటప్పుడు పక్కన ఏ ఏటి లెక్కో వేసి తీరాలి.

గోల్కొండ మీద ఇంకా కొంచెం కూర్చో. కోట చుట్టూ వజ్రాల గనులు లేవు. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న కృష్ణ ఒడ్డున, కొల్లూరు లాంటి ఊళ్లలో తవ్వేవారు, గోల్కొండలో బేరాలు జరిగేవి, అందుకే ప్రపంచమంతా వాటిని గోల్కొండ వజ్రాలంది. 17వ శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ ఆడామగా పిల్లాజెల్లా కలిసి 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఇప్పుడా కొల్లూరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. చూశావా, ఒక్క ముక్క వెనకాల ఎంత ఉందో! కోహినూర్ అక్కడే దొరికిందని గట్టిగా చెప్పుకుంటారు గానీ కాగితం మీద రుజువు లేదు, కాబట్టి 'అంటారు' అనే రాయి. ఆ ఒక్క మాటతో నీ ముక్కకి వచ్చే నష్టమేమీ లేదు.

'తొలి', 'అతి పెద్ద', 'ఏకైక' అనే మాటలు రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగు. 'భాష ఆధారంగా ఏర్పడిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్' అన్నావు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో కన్నుమూశాక, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా వచ్చింది ఆంధ్ర రాష్ట్రం. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. పోనీ ఆంధ్ర రాష్ట్రమే తొలిది అందామా అంటే, బ్రిటిష్ వాళ్ల హయాంలోనే, 1936లో, ఒడియా మాట్లాడేవాళ్లకి ఒరిస్సా రాష్ట్రం ఇచ్చారు. 'ఆంధ్రప్రదేశ్' తీసి 'ఆంధ్ర రాష్ట్రం' అని రాసి, 'స్వాతంత్ర్యం వచ్చాక' అని చేరిస్తే తప్ప ఆ వాక్యం నిలబడదు.

ఇక నాకు బాగా నచ్చిన ముక్క, నువ్వు ఒక్క లైనులో తేల్చేసింది: 'కలివికోడి కడప జిల్లాలో ఉండే అరుదైన పక్షి.' అయ్యో, అంతేనా! 1848లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జెర్డన్ దాన్ని తొలిసారి గుర్తించాడు. 1900 తర్వాత ఎవరూ చూసినట్టు దాఖలా లేకపోవడంతో శాస్త్రవేత్తలు అది అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప పల్లెల్లో బొమ్మలు చూపించి అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట పొదల్లో ఒకదాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. మెడ కింద రెండు గోధుమరంగు పట్టీలు, పొడవాటి కాళ్లు, పగలు పొదల్లో నక్కి రాత్రి మేతకి తిరిగే పిట్ట. అందుకే పగటిపూట వెతికినవాళ్ల కంట పడలేదు. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా దీని కోసం మార్చారు. పుస్తకాలు లేదన్న పిట్టని ఆ పొదల మధ్య బతికే మనిషి తెచ్చి చూపించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దీన్ని ఒక్క లైనుకి కుదించకు తమ్ముడూ, పేజీ మొత్తం ఇవ్వు.

ప్రతిజ్ఞ ముక్క కూడా అంతే. 'భారతదేశం నా మాతృభూమి' అని బడిలో చెయ్యి చాచి చెప్పని వాళ్లెవరు? దాన్ని 1962లో తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ దగ్గర అన్నెపర్తి, అప్పుడాయన విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసర్. పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు ఎన్నో ఏళ్లు ఉండేది కాదు. నువ్వు పేరు రాశావు, సంతోషం, కానీ ఊరూ ఉద్యోగం వదిలేశావు. ఎక్కడో ఖజానా లెక్కలు చూసుకునే గుమాస్తాల మధ్య కూర్చున్న మనిషి రాసిన మాటలని తెలిస్తేనే కదా చదివేవాడికి ఆయన మీద అభిమానం పుడుతుంది.

ఆక్టోపస్ దగ్గర మాత్రం ఎక్కువ సేపు అక్కర్లేదు. రెండు గుండెలు మొప్పలకి, ఒకటి మిగతా ఒంటికి రక్తం పంపుతాయి, ఈదేటప్పుడు ఆ మూడోది ఆగిపోతుంది కాబట్టి ఆక్టోపస్ త్వరగా అలసిపోతుంది, ఈదడం కంటే పాకడానికే ఇష్టపడుతుంది. రెండు వాక్యాలు చాలు.

మీది సూర్యలంక దగ్గరే కదా. అక్కడ ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద నీ లిస్టులో ఒక్క ముక్కా లేదు! గుడ్డులోది ఆడదా మగదా అన్నది ఇసక వేడిని బట్టి ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. ఈ చలికాలంలో వెళ్లి అటవీ శాఖ వాళ్ల హేచరీ, అంటే గుడ్లు పూడ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోటు, చూడు, గుడ్లు ఎంత లోతులో పూడుస్తున్నారో, నీడ ఎందుకు కడుతున్నారో అక్కడ పనిచేసేవాళ్లని అడుగు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత నాకు పంపేటప్పుడు ఆ ఒక్కటే పంపు.

మీ అన్నయ్య