24 నడుస్తోంది.. పారా కమాండో కావచ్చా?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర పల్లె. వరంగల్‌లో మెకానికల్ బీటెక్ 67 శాతంతో పూర్తి చేసి హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో పని చేస్తున్నా. 23 నిండి 24 నడుస్తోంది. ఇంటర్ నుంచే ఆర్మీ పిచ్చి ఉన్నా ఇంట్లో ముందు డిగ్రీ చేతికి రానీ అన్నారు. నాకు పారా స్పెషల్ ఫోర్సెస్ తప్ప ఇంకేదీ వద్దు. ఫ్రెండ్సేమో ఆ వయసు దాటిపోయింది అంటున్నారు. ధోని 34 ఏళ్లకు పారాచూట్‌తో దూకాడు కదా, నాకెందుకు కుదరదు? నాన్న ఎస్సై పరీక్ష రాయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ధోని సంగతి తేల్చేద్దాం. ఆయనకు 2011లో టెరిటోరియల్ ఆర్మీలో (తమ పని తాము చేసుకుంటూ కొన్నాళ్లు యూనిఫాం వేసుకునేవాళ్ల సైన్యం) గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 2015లో ఆగ్రాలో పారా శిక్షణ తీసుకుని ఐదు జంపులు పూర్తి చేశాడు. శిక్షణ నిజమైనదే, దూకింది విమానంలోంచే. కానీ స్పెషల్ ఫోర్సెస్ ప్రొబేషన్, అంటే కమాండోగా తీసుకునే ముందు పెట్టే పరీక్షా కాలం, వేరే సంగతి. ఆయన అది చేయలేదు, చేయాల్సిన అవసరమూ లేదు. ఆయన్ని చూసి నీ వయసు లెక్క వేసుకోకు. యూట్యూబ్‌లో తిరిగే అమెరికా కమాండోల వీడియోలూ అంతే. అక్కడ ముప్పై దాటినవాళ్లు కూడా సైన్యంలో చేరొచ్చు, మన రూల్స్ వేరు.

మీ ఫ్రెండ్స్ మాటలో సగం నిజముంది. సిపాయిగా చేరాలంటే ఇప్పుడు అగ్నివీర్ ఒక్కటే దారి. 2022లో పథకం మొదలైనప్పుడు వయసు పదిహేడున్నర నుంచి 21 అని పెట్టారు. కరోనాతో రెండేళ్లు భర్తీలు ఆగిపోయాయని ఆ ఒక్క ఏడాదికి 23 చేశారు. ఆ గ్యాప్‌లో మన జిల్లాల్లో ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం చూసి చూసి వయసు మీరిపోయినవాళ్లు ఊరికొకరైనా ఉంటారు. నీకా దారి ఇక లేదు. పోలీసు నోటిఫికేషన్లకు అలవాటు పడ్డ మనవాళ్లు ఆర్మీలోనూ బీసీకి ఐదేళ్లు కలుస్తాయనుకుంటారు. కలవవు. కులాన్ని బట్టి వయసు సడలింపు ఆర్మీలో లేదు. లెక్కలోకి వచ్చేది టెన్త్ మెమోలో ఉన్న తేదీయే, బడిలో చేర్చుకున్న రోజు సారు అందాజగా వేసిన జూన్ తేదీ అయినా సరే.

మిగతా సగం మాత్రం తప్పు. పారా ఎస్‌ఎఫ్‌కు పద్దెనిమిదేళ్ల పిల్లలే పోతారని ఎక్కడా లేదు. సిపాయిల్లో కొందర్ని నేరుగా పారాచూట్ రెజిమెంట్‌కు తీసుకుంటారు. ఆఫీసర్లు, వేరే రెజిమెంట్ల జవాన్లు సర్వీసులోకి వచ్చాక తామే అడిగి పోతారు. ఎన్‌ఎస్‌జీ అయితే బయటివాళ్లను అసలు తీసుకోదు, ఆర్మీ నుంచి, కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే అక్కడ ఉంటారు. కోబ్రా కమాండోలు సీఆర్‌పీఎఫ్ లోపలి నుంచే వస్తారు. కాబట్టి కమాండో వయసు గురించి ఇప్పుడు దిగులు పడకు. యూనిఫాం వేసుకునే దారుల్లో నీకు ఏవి మిగిలాయి, ఎన్ని నెలలు మిగిలాయి, అది చూడాలి.

నేనైతే మొదట షార్ట్ సర్వీస్ కమిషన్ టెక్నికల్ పెడతాను, అంటే ఇంజినీర్లు పరిమిత కాలానికి ఆర్మీ ఆఫీసర్‌గా చేరే దారి. బీటెక్ వాళ్లకు వయసు 20 నుంచి 27. రాతపరీక్ష లేదు. బీటెక్ మార్కులను బట్టి వడపోసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇక్కడే నీకు చిక్కు. బ్రాంచిని బట్టి, ఏడాదిని బట్టి కటాఫ్ మారుతుంది, 67 శాతానికి పిలుపు ఖాయమని చెబితే అది అబద్ధమవుతుంది. అందుకే దీంతోపాటే సైన్యంలో ఆఫీసర్ల కోసం పెట్టే సీడీఎస్ రాతపరీక్ష కూడా రాయి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీ ఓటీఏకు ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ రెండే పేపర్లు, మ్యాథ్స్ లేదు. కానీ గడువు దగ్గరపడింది. ఏ తేదీ తర్వాత పుట్టినవాళ్లు అర్హులో నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఈ రాత్రే మెమో తీసి సరిచూసుకో, మహా అయితే రెండు అవకాశాలుంటాయి. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ ఉంటే 25 లోపు ఇంకో దారీ ఉంది, నీ ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి లేదనుకుంటున్నా. ఒక షరతు మర్చిపోకు, ఈ ఎంట్రీలన్నిటికీ పెళ్లి కాకుండా ఉండాలి. ఇంట్లో సంబంధాల మాట వస్తే ముందే చెప్పేయ్.

మెకానికల్ వాడిని ఈఎంఈలోకో (ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగు చేసే విభాగం) ఇంజినీర్స్‌లోకో పంపితే పారా కల పోయినట్టేనా అని అడుగుతావు. పోదు. ఆగ్రాలోని 50వ పారాచూట్ బ్రిగేడ్‌లో ఇంజినీర్లున్నారు, సిగ్నల్స్ వాళ్లున్నారు, డాక్టర్లున్నారు. వాళ్లందరూ విమానంలోంచి దూకేవాళ్లే, వాళ్ల నెత్తిన ఉన్నదీ పారా వాళ్ల మెరూన్ టోపీయే. 1941లో పారాచూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికుల్లో ఒకరైన లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్ డాక్టరే. తర్వాత కొరియా యుద్ధంలో 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్‌ను నడిపిందీ ఆయనే.

ఎస్‌ఎస్‌బీ గురించి కొంచెం ఎక్కువ చెబుతా, ఎందుకంటే మన దిక్కు పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్. మసకగా ఉన్న ఒక బొమ్మ అరనిమిషం చూపించి కథ రాయమంటారు, తర్వాత గుంపులో మాట్లాడమంటారు. మొదటి రోజు మధ్యాహ్నానికే సగానికి పైగా బ్యాగు సర్దుకునే సందర్భాలు మామూలే. ఉన్నవాళ్లకు మర్నాడు 60 పదాలు, పదానికి 15 సెకన్లు, చూసిన వెంటనే తోచింది రాయాలి. తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేలోపు తెర మీద తర్వాతి పదం వచ్చేస్తుంది. గైడ్ పుస్తకంలోని వాక్యాలు బట్టీ పట్టి పోయినవాళ్లు అరవైలో అన్నీ రాస్తారు, ఇంటర్వ్యూలో ఒక్కదానికీ వాళ్ల బతుకులోంచి ఉదాహరణ చెప్పలేరు. నువ్వు పత్తి మార్కెట్‌లో నాన్నతో నిలబడి ధర కోసం వాదించిన రోజుంటే అది చెప్పు. రోజూ అరగంట రూమ్మేట్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడు, తప్పులొచ్చినా ఆపకు. మొదటిసారి పోయేవాళ్లకు థర్డ్ ఏసీ రైలు ఛార్జీ వాళ్లే తిరిగి ఇస్తారు. దీనికోసం ఉద్యోగం మానేయడం, అకాడమీకి లక్షలు కట్టడం రెండూ వద్దు. వారం సెలవు చాలు. సీటు ఇప్పిస్తానని ఎవడైనా డబ్బు అడిగితే ఆ నంబరు పోలీసులకివ్వు.

ఒంటి విషయం. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టే పిల్లలను చూసి గాబరా పడకు. అది అగ్నివీర్ ర్యాలీ లెక్క. ఆఫీసర్ ట్రైనింగుకు వచ్చేవాళ్ల నుంచి అడిగేది 2.4 కిలోమీటర్లు పదిన్నర నిమిషాల్లో, 40 పుషప్స్, 6 పులప్స్, 30 సిటప్స్, ఇంకా ఈత. నువ్వు వ్యవసాయ బావిలో ఈత నేర్చినవాడివైతే హైదరాబాద్ పిల్లల కంటే ఒక మెట్టు పైనే ఉన్నట్టు. రెండేళ్లు కుర్చీలో కూర్చున్న కాళ్లు కాబట్టి మొదటి నెల వేగం జోలికి పోకు. ఇసుక నింపిన బ్యాగుతో రోడ్డు మీద పరిగెత్తే పిచ్చి అసలే వద్దు. పిక్క ముందు ఎముక నొప్పి పట్టిందంటే రెండు నెలలు మంచానికే.

పారా ఎస్‌ఎఫ్ ప్రొబేషన్‌లో నెలల తరబడి బరువు మోస్తూ, సరిగా నిద్ర లేకుండా, ఎప్పుడు అయిపోతుందో తెలియకుండా నడిపిస్తారు. ఎక్కువ మంది మాతృ యూనిట్‌కు తిరిగొస్తారు. 26, 27 ఏళ్లవాడికి ఒళ్లు ఏమంత అడ్డం కాదు, ఓర్పు అప్పటికి ఇంకా పెరుగుతుంది. కష్టమయ్యేది మనసుకు. ఇంటర్ కాగానే ఎన్‌డీఏ అకాడమీలో చేరి వచ్చిన 22 ఏళ్ల కుర్రాడు నీకు సీనియర్‌గా ఉంటాడు. పదేళ్ల సర్వీసున్న హవల్దార్ నీ మ్యాప్ రీడింగ్ తప్పని అందరి ముందు చెబుతాడు. ఆ రోజు మొహం మాడ్చుకోకుండా నేర్చుకునే రకమా నువ్వు?

అందుకే ‘పారా తప్ప ఇంకేదీ వద్దు’ అన్న నీ మాట దగ్గర ఆగాను. ప్రొబేషన్‌లో వెనక్కి పంపితే ఏ సిక్కింలోనో ఈఎంఈ వర్క్‌షాప్‌లో ట్రక్కులు బాగు చేయించే కెప్టెన్‌గా ఏళ్ల తరబడి పనిచేయాలి. షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లు. ఆ బతుకు నీకు ఇష్టమేనంటే అప్లికేషన్ పెట్టు. ఇష్టం లేదంటే పెట్టకు, ఎస్‌ఎస్‌బీలో కూర్చున్న పెద్దమనిషి ఆ సంగతి నాకంటే ముందే పసిగడతాడు.

నాన్న మాటను కొట్టిపారేయకు. ఎస్సైకి వయసు 21 నుంచి 25, అక్కడ బీసీకి ఐదేళ్లు నిజంగానే కలుస్తాయి. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ మొదలుపెట్టిన పోలీసు కమాండో దళం గ్రేహౌండ్స్‌కు మనుషులు పోలీసుల్లోంచే పోతారు, ఆ పేరు మన ప్రాంతంలో ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. యూపీఎస్సీ పెట్టే సీఏపీఎఫ్ (సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాలు) అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష కూడా ఉంది. దానికి 20 నుంచి 25, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ ఉంటే మరో మూడేళ్లు. కోబ్రాకు ఆఫీసర్‌గా పోవాలంటే అదే తోవ. సీడీఎస్‌కు చదివే జనరల్ నాలెడ్జ్ దీనికీ పనికొస్తుంది. టెరిటోరియల్ ఆర్మీకి 42 దాకా టైముంది, దాన్ని ఇప్పుడు పక్కన పెట్టు.

ఈ వారం చేయాల్సినవి: బీటెక్ అన్ని సెమిస్టర్ల మెమోలు తెచ్చుకో, టెన్త్ మెమోలో పేరు, నాన్న పేరు ఆధార్‌తో కలుస్తున్నాయో చూడు, కంటి డాక్టర్‌కు చూపించుకో. అద్దాలుండి లేసర్ చేయించుకోవాలంటే ఆపరేషన్ అయ్యాక ఏడాది ఆగితేగానీ మెడికల్‌లో ఒప్పుకోరు. చివరగా, పారా ఎస్‌ఎఫ్ వాళ్ల గుర్తు బలిదాన్ బ్యాడ్జి భుజం మీద టాటూ వేయించుకుందామని చాలామందికి ఉంటుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడ పచ్చబొట్టున్నా మెడికల్‌లో పక్కన పెట్టేస్తారు. ఇప్పటికే వేయించుకుని ఉంటే మళ్లీ ఉత్తరం రాయి, అప్పుడు చేయాల్సిన ప్లాన్ వేరు.