బోస్టన్ వెళ్ళే చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసేవని, ఇద్దరు ఫ్రెండ్సుతో కలిసి రొయ్యల ఎక్స్‌పోర్ట్ పెడుతున్నావని, మార్చిలో బోస్టన్ సీఫుడ్ ఎక్స్‌పోకి కూడా వెళ్తున్నావని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో భయం అంత. పొద్దున్నే పాలవాడిని ఆపి మరీ చెప్పేను, మా చెల్లి కొడుకు అమెరికా వాళ్ళతో బేరానికి వెళ్తున్నాడని. ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు, దిష్టి అంటది.

లైసెన్సులు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే సర్కారు సంస్థ ఎంపెడాలో రిజిస్ట్రేషను, బ్యాంకు పనులు నీకు నాకంటే బాగా తెలుసు. కౌంటు, అదే కిలోకో పౌనుకో ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, దాని విషయంలో అబద్ధం ఆడకు. ఇంక నా గొడవంతా ఇంగ్లీషు గురించే. నాకు ఇంగ్లీషు వచ్చు కదా పెద్దమ్మా అంటావ్. వచ్చురా, పరీక్షలు రాసే ఇంగ్లీషు వచ్చు. బేరం దగ్గర వాళ్ళు వాడేవి అన్నీ చిన్న చిన్న మాటలు, పాస్, టర్న్, హోల్డ్, బ్యాక్, ఇవి స్కూలు పిల్లలకి కూడా తెలుసు, కానీ వెనకాల ఆన్ అనో ఆఫ్ అనో అవుట్ అనో ఒక తోక తగిలిస్తారు, అసలు సంగతంతా ఆ తోకలో ఉంటది. మనకి మాత్రం లేదా? కొట్టడం వేరు, కొట్టేయడం వేరు, కొట్టిపారేయడం వేరు. పుట్టినప్పట్నుంచీ వింటున్నాం కాబట్టి మనకి కష్టం తెలీదు.

నేను భీమవరంలో టైపిస్టుగా చేరిన కొత్తల్లో, కంపెనీ పేరు వద్దులే, టైగర్ రొయ్య నడుస్తున్న రోజులవి, ఈమెయిల్ లేదు, అన్నీ ఫ్యాక్సులే. అమెరికా బయ్యరు ఒకాయనకి శాంపిల్ పంపితే జవాబొచ్చింది, వుయ్ విల్ పాస్ ఆన్ దిస్ లాట్ అని. మా మేనేజరు గారు అది చదివి, లాట్ పాసైపోయిందర్రా అని కేక పెట్టేరు. ఆఫీసంతా మిఠాయి పంచేరు. ఆలస్యం చేయకుండా లెటరు కూడా డిక్టేట్ చేసేరు, థాంక్యూ వెరీ మచ్ ఫర్ పాసింగ్ ఆన్ అవర్ లాట్ అని. పాస్ ఆన్ అంటే అక్కడ మాకొద్దు, వదిలేస్తున్నాం అనిరా. అంటే మా సరుకు వద్దన్నందుకు మీకు ధన్యవాదాలు అని రాసి పంపేమన్నమాట. ఎంత మర్యాదస్తులో అనుకుని ఉంటాడు పాపం.

నవ్వకు. సరుకు మొత్తం ఆ బయ్యరు పేరు మీద కోల్డ్ స్టోరేజీలో కూర్చుంది. ఈలోపు జపాన్ పార్టీ ఒకటి అదే కౌంటు కావాలని వస్తే, అమ్ముడైపోయిందండి అని మేనేజరు గారు టర్న్ డౌన్ చేసేరు. రోడ్డుకి అటుపక్క కంపెనీ వాళ్ళు ఆ ఆర్డరుని స్నాప్ అప్ చేసేసేరు, అంటే గద్దలా తన్నుకుపోవడమే. మేమేమో ఎల్‌సీ, అదే డబ్బుకి బయ్యరు బ్యాంకు ఇచ్చే హామీ కాయితం, ఇవాళొస్తది రేపొస్తది అని చూడ్డం, కరెంటు బిల్లు కట్టడం, రేటు పడిపోతుంటే దేవుడికి దణ్ణాలు పెట్టడం. చివరికి ట్రంకాల్ చేసి అడిగితే అవతలాయనకి మేం ఏ లాట్ గురించి మాట్లాడుతున్నామో గుర్తు కూడా లేదు. సరుకు వచ్చిన రేటుకి తెగనమ్మేరు. పీలింగ్ షెడ్డులో ఆడోళ్ళకి ఆ నెల కూలి సగమే ఇచ్చేరు. ఒకావిడ చేతులు తుడుచుకుంటా నా టేబులు దగ్గరకొచ్చి, ఆ కాయితంలో ఏముందమ్మా, అందరూ దాని గురించే అంటున్నారు అని అడిగింది. ఏం చెప్తాను?

సరే, గుర్తు పెట్టుకో. పాస్ ఇట్ ఆన్ అంటే ఇంకొకళ్ళకి అందించడం, పాస్ ఆన్ ఇట్ అంటే వద్దనడం. ఇట్ ఎక్కడ కూర్చుందో చూడు. 2025లో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం దాకా వెళ్ళింది కదా, అలాంటప్పుడు బయ్యర్లు వుయ్ కాంట్ పాస్ ఆన్ ది డ్యూటీ అంటారు. ఇక్కడ వద్దనడం కాదు, మా కస్టమర్ల నెత్తిన వేయలేం అని. ఆ మాటకి అసలు అర్థం నువ్వే రేటు తగ్గించు అని. ఒప్పుకోకపోతే ఈక్వడార్ వాళ్ళు మిమ్మల్ని ఎడ్జ్ అవుట్ చేస్తారని బెదిరిస్తారు, మెల్లగా పక్కకి నెట్టేస్తారని. ఆ బెదిరింపులో నిజం ఉంది, వాళ్ళది అమెరికాకి దగ్గర, పంట కూడా మనకంటే ఎక్కువ. క్రౌడ్ అవుట్ అంటే చోటంతా ఆక్రమించి ఇంకొకళ్ళని లేకుండా చేయడం, నీకు విడిగా చెప్పక్కర్లేదు, 2009లో వనామీ రొయ్యకి పర్మిషన్ ఇచ్చేక మన చెరువుల్లో టైగర్‌కి ఏమైందో చూసేవుగా.

హోల్డ్ ఆఫ్ ఆన్ ది షిప్‌మెంట్ అంటే సరుకు మాకోసం ఉంచు అని కాదు, పంపడం ఆపు అని. హోల్డ్ అవుట్ అంటే మంచి రేటొచ్చే దాకా బిగబట్టుకుని కూర్చోవడం, చేతిలో డబ్బుంటేనే ఆ పని. బ్యాక్ డౌన్ అంటే తగ్గడం, ఒక్కోసారి తప్పదు. బ్యాక్ అవుట్ అంటే మాటిచ్చి జారుకోవడం, అడ్వాన్సు లేకుండా బయ్యరుని నమ్మితే అదే జరుగుద్ది.

నీతో వచ్చిన చిక్కేంటంటే అర్థం కాకపోయినా తలూపేస్తావ్. లెక్కల మాస్టారి దగ్గర అలాగే ఊపి ఇంటికొచ్చి నా ఒళ్ళో ఏడ్చేవాడివి. అక్కడ ఒళ్ళో పెట్టుకోడానికి ఎవరుంటారు? అడుగు. సో యూ ఆర్ బయింగ్, ఆర్ నాట్ బయింగ్? అని మొహమాటం లేకుండా అడుగు. ఆ సాయంత్రమే హోటల్ రూములో కూర్చుని, మనం అనుకున్నది ఇదీ అని తోకల్లేని మాటల్లో మెయిల్ కొట్టు.

బయ్యర్ల సంగతి ఎలాగున్నా నాకు ఎక్కువ భయం నీ ఫ్రెండ్స్ గురించేరా. కోపం తెచ్చుకోకు. ముగ్గురిలో ఆ హైదరాబాదు కుర్రాడిదే ఎక్కువ డబ్బంట కదా. స్క్వీజ్ అవుట్ అని ఒకటుంది, చిన్న వాటా వాడికి ఊపిరాడకుండా చేసి, వాడంతట వాడే పోయేలా చేయడం. బై అవుట్ అంటే నీ వాటా కొనేసి నిన్ను పంపించడం. రెండోది తప్పేం కాదు, కానీ వాటా రేటు ఎవరు కడతారు, ఎలా కడతారు అన్నది ఇప్పుడే, ముగ్గురూ నవ్వుకుంటూ టీ తాగుతున్నప్పుడే రాసుకోవాలి. తాతయ్య కొబ్బరి తోట మాత్రం బ్యాంకులో పెట్టకు. మీ అమ్మ సరే అంటది, దానికి నువ్వేం అడిగినా సరే అనడమే తెలుసు, అందుకే నేను వద్దంటున్నాను.

అగ్రిమెంటు డ్రాఫ్టు వాట్సాప్‌లో పెట్టు. ఫోటోలు తిన్నగా తియ్యి, మొన్న పంపిన కాయితాలు చదవలేక చచ్చేను. ఆదివారం ఫోన్ చేస్తాను, వాటా లెక్క ఎన్నో పేజీలో ఉందో చూసి ఉంచు.

మీ పెద్దమ్మ