కార్పెట్ ఎత్తకుండా మాడ్యూల్ కొనొద్దు

ప్రశ్న: అన్నా, టాప్ తెరుచుకునే కారంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. నిరుడు చెన్నైలో మూడో ఓనరు దగ్గర 2009 మోడల్ జర్మన్ కారు, రెండు సీట్లది, కొన్నాను. ఎండాకాలమంతా బాగానే ఉంది. కార్తీకంలో వానలు పట్టుకున్నాక మొదలైంది చూడండి. పక్క సీటు కింద కార్పెట్ తడి, లోపల ముక్కిన వాసన, లాకులు వాటంతట అవే పడటం, వారం నిలబెడితే బ్యాటరీ డౌన్, టాప్ సగంలో ఆగిపోవడం. కొత్త బ్యాటరీ వేయిస్తే అదీ వారానికే పడుకుంది. ఏదో మాడ్యూల్ పోయింది, లక్షన్నర అవుతుంది అంటున్నాడు మెకానిక్. ఇది చాలదన్నట్టు ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఇంట్లో నేను చేసుకోగలిగింది ఏమైనా ఉందా?
- నెల్లూరు పాఠకుడు

జవాబు: కంపెనీ పేరు కూడా రాశారు గానీ ఇక్కడ వేయడం లేదు, ఆ వయసొచ్చిన ఓపెన్ టాప్ కార్లలో చాలావాటికి ఇదే తంతు. మీరు వరసగా రాసినవన్నీ వేరే వేరే రోగాలనుకుంటున్నారు. వేడి సంగతి పక్కనపెడితే మిగతావన్నీ ఒక్క చోట నుంచే వస్తున్నాయని నా అనుమానం, ఆ చోటు కార్పెట్ కింద ఉంది.

టాప్ మడత పడే చోట రెండు పక్కలా వాన నీళ్లు కిందికి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. మీ కారు వేపచెట్టు కింద పెడతారా? పెడితే ఇంక నన్నడగక్కర్లేదు, ఆకూ పూతా దుమ్మూ కలిసి ఆ గొట్టంలో పిడచ కట్టుకుని ఉంటాయి. పోవాల్సిన నీళ్లు పోక లోపలికి దిగుతాయి. ఇలాంటి కార్లలో కొన్నిటికి లాకులూ అలారం నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెను, అంటే మాడ్యూల్‌ను, సీటు కిందో కార్పెట్ కిందో పెట్టి ఉంటారు (ఎవరికి తోచిందో ఆ ఆలోచన!). అది తడిస్తే కారు తాళం వేశాక కూడా నిద్రపోదు, రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటుంది. మీ కొత్త బ్యాటరీ పడుకోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. బ్యాటరీ బలం తగ్గితే టాప్ మోటారు సగంలో ఆగడం మామూలే.

అయితే తడి అంతా వాననీళ్లే అనుకోకండి. వాన లేకపోయినా ఏసీ వేసుకుని తిరిగిన రోజు తడుస్తుంటే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినట్టు. వేలితో తాకితే జిగటగా, తియ్యటి వాసనగా ఉంటే అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), అప్పుడు కథ వేరు, హీటర్ కోర్ (లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకు. ఇంట్లో పెట్టుకునే పని కాదది.

వాననీళ్లే అయితే ఇలా చేయండి. గడ్డి కోసే మెషీన్‌కి వాడే నైలాన్ తీగ మీటరు ముక్క తెచ్చుకుని, కొసను కాస్త గుండ్రంగా అరగదీసి, పైనుంచి మెల్లగా తోయండి. పంక్చర్ షాపులో ఎయిర్ కొట్టిద్దామని మాత్రం అనుకోవద్దు, ఆ ప్రెజర్‌కి లోపల గొట్టం ఊడిపోతే డాష్‌బోర్డో, సీట్ల వెనక ప్యానెలో విప్పాల్సి వస్తుంది. తర్వాత చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి కారు కింద ఎక్కడ పడుతున్నాయో చూడండి. పోసినన్ని పడాలి. కార్పెట్ పైన ఆరినట్టే ఉంటుంది గానీ కింద స్పాంజిలో రోజుల తరబడి నీళ్లుంటాయి, కాబట్టి సీటు విప్పి కార్పెట్ ఎత్తి ఫ్యాన్ పెట్టండి. సీటు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి. నెగటివ్ తీసే ముందు అద్దాలు దించుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ మూయొద్దు. మూశారా, తెరవడానికి ఇంకో పూట.

అంతా ఆరాక నెగటివ్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంప్స్‌లో పెట్టండి. కారు లాక్ చేసి అరగంట, ముప్పావుగంట ఓపిక పట్టాలి, మాడ్యూళ్లన్నీ నిద్రపోవడానికి అంత టైం పడుతుంది. మీటర్ పెట్టి ఉండగా స్టార్ట్ చేస్తే మీటర్‌లో ఫ్యూజు ఎగిరిపోతుంది. 50 మిల్లీఆంప్స్ లోపుంటే టెన్షన్ వద్దు. 300 ఉందనుకోండి, రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 60 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఎనిమిది రోజులకి పూర్తిగా ఖాళీ, స్టార్ట్ అవ్వడం అంతకు ముందే మానేస్తుంది. మీ వారం లెక్క సరిగ్గా ఇదే. అప్పుడు ఒక్కో ఫ్యూజూ తీస్తూ ఏది తీస్తే మీటర్‌లో అంకె తగ్గిపోతుందో చూడండి, కరెంటు తాగేది ఆ లైన్లోనే ఉంటుంది. డిక్కీ లైటు ఆరుతోందో లేదో తేలాలంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూయండి. తాళం జేబులో ఉందో లేదో చూసుకుని మరీ.

ఇవన్నీ చేశాక కూడా టాప్ కదలకపోతే, మీది గట్టి టాప్ (గుడ్డది కానిది) అయితే, డిక్కీలో సామాను మీద కప్పే అడ్డం సరిగ్గా పడిందేమో చూడండి. అది కొక్కేనికి పడకపోతే చాలా కార్లలో టాప్ తెరుచుకోదు. ఇంత చిన్నదానికి వేలకు వేలు బిల్లు కట్టినవాళ్లున్నారు.

ఇక వేడి. హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లోనే ముల్లు లేస్తోందంటే ముందు ఫ్యాన్‌ని అనుమానించండి. ఏసీ వేసి బానెట్ ఎత్తండి, ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు, ఆ వరసలో చూడండి. కూలెంట్ డబ్బా ప్లాస్టిక్ పసుపెక్కి పగుళ్లుంటే అదీ మార్చేయండి. మన బోరు నీళ్లు మాత్రం పోయకండి, బిందెల అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్‌లోనూ కడుతుంది. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది, పూర్తిగా చల్లారాకే.

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి. పాత స్పోర్ట్స్ కూపేకి కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా గరాటులా ఉండే ఎయిర్ ఫిల్టర్) వేయించా, సౌండ్ అదిరింది. ఇప్పుడు ఐడిల్‌లో ఊగుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. నాలుగు కాయిల్సూ (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) మార్చమంటున్నారు.

జవాబు: గ్రానైట్ క్వారీల మధ్య ఉంటూ కోన్ ఫిల్టరా! ముందు పాత ఫిల్టర్ డబ్బా తిరిగి బిగించండి. కోన్‌కి పూసిన ఆయిల్, దానికంటుకున్న రాతి పొడి ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పొరలా కట్టి ఉంటాయి. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వండి, గుడ్డతో తుడవొద్దు, సన్న తీగ తెగిపోతుంది. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ వెయ్యి లోపే వస్తుంది, దాన్ని కారుకి తగిలించి, చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే కోడ్ చదవండి. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండక మిస్ అవుతున్నట్టు. రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో పెట్టి నడపండి. కోడ్ పీ0303కి మారితే ఆ ఒక్క కాయిలే పోయింది. మారకపోతే ప్లగ్గు చూడండి. నాలుగూ మార్చమన్నవాళ్లని ఈ పరీక్ష చేశారా అని అడగండి.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మాది. నెలకోసారే బయటికి తీస్తా. బ్రేక్ డిస్కులు ఎర్రగా తుప్పు పట్టాయి. మార్చాలా?

జవాబు: సముద్రపు గాలికి రెండు రాత్రులు చాలు. పైపైన పట్టిన తుప్పయితే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పది సార్లు బ్రేక్ తొక్కితే పోతుంది. ఆ తర్వాత కూడా వేలికి గుంటలు తగిలితేనే మార్చండి. దానికంటే ముందు టైర్ పక్కన కోడ్ చివర ఉండే నాలుగంకెలు చదవండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం చేసిన టైరు. బటన్ ఎంత మిగిలున్నా దాంతో హైవే ఎక్కకండి.