డీటూఓలో అలనిన్ ఎన్‌హెచ్ పీక్ రాకపోతే శాంపిల్ పాడైనట్టా?

మీ ప్రశ్న: కావలిలో ఎమ్మెస్సీ చేస్తూ అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని డీటూఓలో (హైడ్రోజన్ బదులు బరువైన డ్యుటీరియం ఉండే నీళ్లు) కరిగించి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్లను గీతలుగా చూపే పరీక్ష) తీయిస్తే రెండే సిగ్నల్స్ వచ్చాయి, ఎన్‌హెచ్, సీఓఓహెచ్ కనపడలేదు, శాంపిల్ పాడైందా, ఇలాగైతే ప్రాజెక్టులో రొయ్య కండ ఎలా చేయాలి అని.

పాడవలేదండీ, టెన్షన్ పెట్టుకోవద్దు. నైట్రోజన్ మీద, కార్బాక్సిల్ మీద ఉండే హైడ్రోజన్లు డీటూఓలోని డ్యుటీరియంతో వెంటనే మారిపోతాయి, వాటి సిగ్నల్ 4.8 పీపీఎం (గీత స్థానం చెప్పే కొలత, కింద స్థానాలన్నీ ఇందులోనే) దగ్గరుండే నీటి పీక్‌లో కలిసిపోతుంది. మిగిలేవి కార్బన్ మీదివే. 1.48 దగ్గర మిథైల్ (సీహెచ్3) డబ్లెట్, అంటే రెండు గీతలు, 3.78 దగ్గర ఆల్ఫా హైడ్రోజన్ క్వార్టెట్, అంటే నాలుగు గీతలు, రెండింట్లోనూ గీతల మధ్య ఎడం 7.2 హెర్ట్జ్, వైశాల్యాలు 3కి 1. ఇవి సరిగ్గా వచ్చి వేరే పీకులు లేకపోతే మీ అలనిన్ బాగానే ఉంది. ఎన్‌హెచ్ చూసి తీరాలంటే హైడ్రోక్లోరైడ్ లవణం తీసుకుని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో చేయించండి, 8 దాటాక వెడల్పుగా వస్తుంది.

నేను గట్టిగా చెప్పేది పీహెచ్ గురించి. అమైనో ఆమ్లాల పీకులు పీహెచ్‌ని బట్టి జరుగుతాయి, ఆ 3.78 క్వార్టెట్టే బాగా ఆమ్లంలో 4.1 వైపు, క్షారంలో 3.3 వైపు పోతుంది. పుస్తకంలో అంకె చూసి సరిపోలలేదని కంగారు పడేవాళ్లలో ఎక్కువమంది పీహెచ్ రాసుకోనివాళ్లే. పీహెచ్ కదలకుండా ఫాస్ఫేట్ బఫర్ వాడండి, డీటూఓలో మామూలు పీహెచ్ మీటర్ చూపించే అంకెకు 0.4 కలిపితే పీడీ, అంటే డీటూఓలో పీహెచ్‌కి బదులు వాడే అంకె, వస్తుంది. రెఫరెన్స్‌కి, అంటే సున్నా గుర్తు కోసం, మామూలుగా వేసే టీఎంఎస్ నీళ్లలో కరగదు కాబట్టి డీఎస్‌ఎస్ వేయండి. టీఎస్‌పీ కూడా వాడతారు గానీ పీహెచ్ మారితే అదే కొంచెం కదులుతుంది, నాకు నచ్చదు.

ఇక రొయ్య. మాది సింగరాయకొండ వైపు, వెనామీ రొయ్యల గుంటల పక్కనే పెరిగాను, నా పీహెచ్‌డీ కూడా రొయ్య కండ మీదే. పట్టుబడి అయిన వెంటనే గుంట గట్టు మీదే కండ తీసి ద్రవ నైట్రోజన్‌లో వేయాలి, ఆలస్యమైతే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) విరిగిపోతుంది, లాక్టేట్ పెరుగుతుంది, ఆ లాక్టేట్ మిథైల్ 1.32 దగ్గర థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం మిథైల్ మీద కూర్చుంటుంది. 3.55 దగ్గర నిటారుగా లేచే ఒంటి గీత గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానిది. మన రొయ్యకు ఉండే తీపిలో దాని వాటా పెద్దది, మొదటిసారి ఆ గీత చూసినప్పుడు చాలా సంతోషమేసింది.

అసలు చిక్కు 3.26 దగ్గర. బీటైన్ మూడు మిథైళ్లు, టీఎంఏఓ, టారిన్ ఒక ట్రిప్లెట్ (మూడు గీతలు), పక్కనే 3.24లో ఆర్జినిన్, రొయ్య కండలోని ఈ చిన్న అణువులన్నీ ఒకదాని మీద ఒకటి. అక్కడ మొత్తం వైశాల్యం తీసి బీటైన్ అని రాసేయకండి. బీటైన్‌కి 3.90 దగ్గర ఇంకో గీత ఉంది, అది 2 హైడ్రోజన్లది, మిథైళ్లు 9, కాబట్టి ఆ వైశాల్యాన్ని 4.5తో గుణిస్తే 3.26లో బీటైన్ వాటా తెలుస్తుంది. టారిన్‌కి 3.42 దగ్గర రెండో ట్రిప్లెట్ ఉంది, దాని వైశాల్యమంత 3.26లోంచి తీసేయండి. 3.90 దగ్గర కూడా వేరే పీకులు కలవొచ్చు, అందుకే ఒక హెచ్‌ఎస్‌క్యూసీ (హైడ్రోజన్‌ని, అది ఉన్న కార్బన్‌ని కలిపి చూపే ఎన్‌ఎంఆర్) తీయించండి, అందులో కార్బన్ వైపు టీఎంఏఓ 62 దగ్గర, బీటైన్ 56 దగ్గర విడివిడిగా పడతాయి. డబ్బులు తక్కువుంటే అన్ని శాంపిల్స్‌కి అక్కర్లేదు, ఒక్కదానికి చాలు.

5 ఎంఎం ట్యూబ్‌లో కండ సారం 0.6 మిల్లీలీటరు పోయండి, గుజ్జు నలుసు ఒక్కటున్నా గీతలు వెడల్పవుతాయి కాబట్టి ముందు సెంట్రిఫ్యూజ్ చేయండి. రొయ్య స్పెక్ట్రం వచ్చాక 3.2 నుంచి 3.5 వరకు జూమ్ చేసి, పీడీ ఎంతో రాసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.