మేడ్చల్ దారిలో నీ మొదటి సర్వే

చిట్టితల్లీ,

మేడ్చల్ వైపు కాలనీలకు మెట్రో మేలా, లైట్ రైలా, బస్సులకే వేరుగా దారి వేసే బస్సు కారిడారా అన్నది తేల్చే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

లెక్కలు నీకు తెలిసినవే. రద్దీ వేళ ఒక దిశలో గంటకు 8,000 మంది దాకా రబ్బరు టైర్ల మీద కరెంటు తీగలతో నడిచే మెట్రో నియో, 15,000 దాకా లైట్ రైలు రకమైన మెట్రోలైట్ సరిపోతాయి. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు పట్టాలున్నా, దూరప్రయాణ రైళ్లతో, గూడ్సులతో పంచుకోవాలి. పది నిమిషాలకో బండి కష్టం. బస్సని చులకన చేయకు. ఢిల్లీలో 2008లో వేసిన బస్సు కారిడార్‌ను 2016లో తీసేశారు, నిజమే. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైంది ఇప్పటికీ నడుస్తోంది. ఏది ఎంచుకున్నా రోడ్డు మధ్య స్థలం ఇప్పుడే కేటాయించమని రాయి. ఇళ్లు లేచాక ఎవరూ ఇవ్వరు.

ఇక నేను చేసిన తప్పు. ముప్పై ఏళ్ల క్రితం ఒక శివారు రోడ్డులో బస్సు స్టాపుల లెక్క నాకప్పగించారు. తొందరలో మే నెలలో లెక్క తీశాను. ఒక స్టాపులో ఉదయమంతా పట్టుమని పదిమంది ఎక్కలేదు. బస్సు వేగం పెరుగుతుందని ఆ స్టాపు తీసేయమని రాశాను, తీసేశారు. ఆ పక్క సందులో ఆడపిల్లల కాలేజీ ఉందని నాకు తెలియదు. నేను సందులోకి నడవలేదు.

జూలైలో ఒక సాయంత్రం వానలో అటు వెళ్లాను. తర్వాతి స్టాపు దాకా ఫుట్‌పాత్ లేదు, దీపం లేదు. చెప్పులు చేతపట్టుకుని పిల్లలు బురదలో వరసగా నడుస్తున్నారు. లారీలు వాళ్లను రాసుకుంటూ పోతున్నాయి. ఒకమ్మాయి, ఇక్కడ బస్సు ఎందుకు ఆపట్లేదు సార్ అంది. నేనే కారణమని చెప్పలేకపోయాను. ఆ స్టాపు తిరిగి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ వాన పడ్డ ప్రతి సాయంత్రం ఏ కబురు వినాల్సి వస్తుందోనని వణికాను. అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు.

అందుకే స్టేషన్ నుంచి ఇంటి గుమ్మం దాకా నువ్వే నడువు. వానాకాలంలో, కాలేజీలు తెరిచాక, చీకటి పడ్డాక కూడా. చీకట్లో ఒక్కదానివే వెళ్లావని తెలిస్తే ఊరుకోను, ఇద్దరిని వెంటబెట్టుకో. మధ్యాహ్నం తినకుండా తిరుగుతావని మీ అమ్మ అంటోంది. చిన్నప్పటి అలవాటు ఇంకా పోలేదా తల్లీ?

ఆదివారం ఖాళీ అయితే రా. ఇద్దరం మేడ్చల్ స్టేషన్‌లో దిగి, అన్నిటికంటే దూరంగా ఉన్న కాలనీ దాకా నడుద్దాం. నా మోకాళ్లు ఓర్చుకున్నంత దూరం నేనూ వస్తాను.

మీ పెదనాన్న