నక్షత్రం క్రాంతి −52.7 డిగ్రీలైతే దిక్సూచిని ఎటు తిప్పాలి?

దిక్సూచిపై 130 డిగ్రీలంటే ఎటు చూడాలో తెలుస్తోంది గానీ, నక్షత్రాల పట్టికలో అగస్త్య నక్షత్రానికి ఇచ్చిన −52.7 డిగ్రీల క్రాంతిని దిక్సూచిపై ఎక్కడ గుర్తించాలో తెలియడం లేదని మీరు అడిగారు. ఎక్కడా గుర్తించనవసరం లేదు. నేనూ ఒకప్పుడు, రుణ సంఖ్య కదా అని 360 నుంచి తీసివేసి, 307 రాగానే హైదరాబాదులో మా డాబా మీద వాయవ్యం వైపు తిరిగి, దక్షిణాది నక్షత్రం కోసం అరగంట సేపు వెతికాను.

దిక్సూచి డిగ్రీలను ఉత్తరం సున్నాగా, తూర్పు 90గా, దక్షిణం 180గా, పడమర 270గా క్షితిజం వెంబడి లెక్కిస్తారు. క్రాంతికి క్షితిజంతో పని లేదు. భూమధ్యరేఖను ఆకాశం మీదికి పొడిగిస్తే వచ్చే ఖగోళ మధ్యరేఖకు నక్షత్రం ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉందో అది చెబుతుంది. రుణ గుర్తుకు దక్షిణమని మాత్రమే అర్థం. అందుకే నక్షత్రపు దిశ గంటగంటకూ మారుతున్నా క్రాంతి రాత్రంతా అలాగే ఉంటుంది.

ఈ రెంటినీ కలిపేది మీ ఊరి అక్షాంశం. హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు గనుక, ఇక్కడ ఖగోళ మధ్యరేఖ నడినెత్తికి అంత దక్షిణంగా, అంటే సరిగ్గా దక్షిణం వైపు చూస్తే 72.6 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి 52.7 డిగ్రీలు దిగితే మిగిలేది దాదాపు 20 డిగ్రీల ఎత్తు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో 180 వైపు నిలబడి, క్షితిజం మీద రెండు పిడికిళ్ళు పేర్చి చూడండి; వాటి పై అంచున అగస్త్యుడు కనిపిస్తాడు. ఢిల్లీలో ఒక్క పిడికిలి ఎత్తు కూడా ఉండడు.

ఉదయించేది మాత్రం దిక్సూచిపై సుమారు 146 డిగ్రీల దగ్గర. తూర్పుకు సరిగ్గా 52.7 డిగ్రీలు దక్షిణంగా ఉదయించడం భూమధ్యరేఖ మీదే జరుగుతుంది. మన దగ్గర అది 56 దాటుతుంది.

క్రాంతినే కాక అయస్కాంత దిక్పాతాన్నీ, అంటే దిక్సూచి ముల్లు అసలు ఉత్తరం నుంచి పక్కకు తప్పే కోణాన్నీ, ఇంగ్లీషులో డెక్లినేషన్ అనే అంటారు గనుక ఆ రెంటినీ కలపకండి. మన ప్రాంతంలో దిక్పాతం ఒక డిగ్రీ చుట్టుపక్కలే ఉంటుంది, పట్టించుకోకపోయినా ఫరవాలేదు. అంతకంటే ఇనుముతో జాగ్రత్త: నీళ్ళ ట్యాంకు స్టాండు పక్కన నా దిక్సూచి ముల్లు 15 డిగ్రీల దాకా పక్కకు జరిగింది. ధ్రువనక్షత్రానికి వీపు పెట్టి సరిచూసుకున్నాక గాని ఆ సంగతి నాకు తెలియలేదు.