షుగర్ సంగతి రాయొద్దంటున్న బ్రోకర్

ఆరోగ్య బీమా తీసుకుందామంటే బ్రోకర్ ఒక్క కంపెనీ పాలసీనే చూపిస్తున్నాడు, పైగా షుగర్ ఉన్న సంగతి ఫారంలో రాయొద్దంటున్నాడు అని అడిగారు కదండీ. ముందు రెండోదానికి జవాబు: ఆ ఫారం మీద సంతకం పెట్టకండి.

మా నాన్నగారి ఫారం బ్రోకర్ ఆఫీసులో కుర్రాడే నింపేశాడు. ‘గతంలో ఏదైనా చికిత్స తీసుకున్నారా’ అన్న గడిలో ‘లేదు’ అని టిక్కు. చివరి పేజీలో నాన్నగారి సంతకం. ఆసుపత్రి పాత రికార్డులో బీపీ మందుల చీటీ బయటపడేసరికి క్లెయిమ్ కొట్టేశారు. నింపిందెవరని కంపెనీ అడగలేదు, సంతకమే చూసింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ప్రీమియం పెరగొచ్చు, ఆ జబ్బు ఖర్చు కొంతకాలం ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు. అది భరించగలం. ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకుని తిరగడం భరించలేమండీ.

ఇక మొదటిది. ఏజెంట్ కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ మీ తరఫున పనిచేయాల్సినవాడు. అయినా అతనికి కమీషన్ సాధారణంగా వచ్చేది కంపెనీ నుంచే. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: ఎన్ని కంపెనీలతో పనిచేస్తారు, ఈ పాలసీ మీద మీకేం వస్తుంది? కనీసం మూడు కంపెనీల కోట్‌లు, అంటే ప్రీమియం ఎంతో చెప్పే కాగితాలు, పక్కపక్కన పెట్టి, పాలసీ వర్తించని వాటి జాబితాతో సహా మెయిల్‌లో పంపమనండి. ఫోన్‌లో చెప్పినవి తర్వాత రుజువు చేయడం కష్టం. లైసెన్స్ నంబరు తీసుకుని బీమా నియంత్రణ సంస్థ జాబితాలో సరిచూసుకోండి.

నన్నడిగితే, అబద్ధం రాయమన్నవాడికి రెండో అవకాశం ఇవ్వను. కొత్త బ్రోకర్‌ని మొదటి రోజే అడగండి, క్లెయిమ్ వస్తే మీ ఆఫీసులో ఎవరు చూస్తారని.